రాతి మీది బొట్టు

తమ్ముడు: నేను రోజూ ఆఫీసుకు వెళ్ళే దారిలో ఒక శిలువ ఉందక్కా. మేరీలాండ్‌లో, బ్లాడెన్స్‌బర్గ్ అనే ఊళ్ళో, రోడ్లు కలిసేచోట, నడిమధ్యలో 40 అడుగుల కాంక్రీటు శిలువ. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన 49 మంది స్థానికుల పేర్లు దాని పీఠానికి బిగించిన పలక మీద ఉంటాయి. నువ్వూ నేనూ దేవుణ్ణి నమ్మని నాన్న చేతుల్లో పెరిగాం, ఇప్పటికీ నమ్మం. అయినా ఆ శిలువను చూస్తే నాకు మతం గుర్తురాదు, చనిపోయినవాళ్ళే గుర్తొస్తారు. ప్రభుత్వ స్థలంలోంచి దాన్ని తీసెయ్యాలని 2014లో అమెరికన్ మానవవాదుల సంఘం కేసు వేసింది. 2019లో సుప్రీంకోర్టు, ఏడుగురు ఒకవైపు ఇద్దరు ఒకవైపుగా, ఉండనిమ్మని తీర్పిచ్చింది. నాకా తీర్పు నచ్చింది.

అక్క: పలక మీది పేర్లు ఎన్నిసార్లు చదివావు?

తమ్ముడు: ఒక్కసారి.

అక్క: అవును మరి. ఆ పేర్లు చదవాలంటే కారు ఎక్కడో ఆపి, దిగి, ట్రాఫిక్ దాటుకుని వెళ్ళాలి. శిలువను చదవడానికి అవేవీ అక్కర్లేదు, దూరం నుంచే తనేమిటో చెప్పేస్తుంది. దాన్ని చూసి నీకు చనిపోయినవాళ్ళు గుర్తొస్తున్నారంటే అది నీ మంచితనంరా, ఆ కట్టడం గొప్పేం కాదు. 49 మంది పేర్లు అడుగున చిన్న అక్షరాల్లో ఉన్నాయి. ఒక మతం గుర్తు 40 అడుగుల ఎత్తున ఉంది. అది ఎవరి స్మారకమో ఆ కొలతలే చెబుతున్నాయి.

తమ్ముడు: కొలతలు సరే, మొదలుపెట్టిందెవరో చూడు. ప్రభుత్వం కాదు. కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లులు, ఊరివాళ్ళు కలిసి చందాలు పోగుచేసి మొదలుపెట్టారు. డబ్బు చాలక మధ్యలో ఆగిపోతే అమెరికన్ లీజియన్ అనే మాజీ సైనికుల సంఘం అందుకుని 1925లో పూర్తిచేసింది. శిలువే ఎందుకంటే, వాళ్ళ బిడ్డల్ని పూడ్చినచోట ఉన్నవి అవే. ఫ్రాన్సు నేల మీద బారులు తీరిన చెక్క శిలువలు. ఒక తల్లి అప్పట్లో సెనేటర్‌కు ఉత్తరం రాసింది, ఈ శిలువ ఒక రకంగా మా వాడి సమాధి రాయే అనుకుంటున్నానని. ఆ ఉత్తరం సంగతి తీర్పులో ఉంది. సముద్రం దాటి వెళ్ళి కొడుకు సమాధిని తాకలేని మనిషికి చెయ్యి ఆనించుకోవడానికి ఒక రాయి దొరికింది. దాని ముందు నిలబడి రాజ్యాంగ సవరణల గురించి మాట్లాడటానికి నాకు నోరు రాదు.

అక్క: నాకూ రాదు. ఆ తల్లికి నేను ఎదురు చెప్పను. చందాలతో, వాళ్ళ సొంత స్థలంలో ఆ శిలువ ఉంటే నేనూ వెళ్ళి ఒక పువ్వు పెట్టి వస్తాను. కానీ 1961లో ఆ స్థలం ప్రభుత్వ సంస్థ చేతికి వచ్చింది. అప్పటి నుంచి దాని బాగోగులకు లక్షా 17 వేల డాలర్ల దాకా ఖర్చుపెట్టారు, మరమ్మతులకని 2008లో ఇంకో లక్ష పక్కన పెట్టారు. ఇప్పుడది ఆ తల్లి మాట కాదు, అందరి తరఫునా ప్రభుత్వం పలికే మాట. ఆ యుద్ధంలో అమెరికా తరఫున పోరాడి చనిపోయిన యూదులు 3,500 మంది దాకా ఉన్నారని న్యాయమూర్తి గిన్స్‌బర్గ్ తన భిన్న తీర్పులో రాసింది. విదేశీ శ్మశానాల్లో చెక్క గుర్తులు తీసి పాలరాతివి పెట్టేటప్పుడు యూదు సైనికుల సమాధుల మీద దావీదు నక్షత్రం పెట్టారు. అంటే శిలువ అందరిదీ కాదని ఆ సైన్యానికి అప్పుడే తెలుసు. వందేళ్ళ కిందట తెలిసిన సంగతి ఇప్పుడు తెలియనట్టు ఎలా ఉంటాం?

తమ్ముడు: ఆ భిన్న తీర్పు నేనూ చదివాను. అక్కడ నాకు కాలు తడబడింది, దాచను. శిలువ అందరికీ గుర్తు అనే వాదన అబద్ధం. అది క్రైస్తవులదే. నేను పట్టుకునేది ఇంకో కొస. యూదు సైనికుల పేర్లు కావాలని వదిలేశారనడానికి ఆధారం లేదని తీర్పు రాసిన అలిటో గమనించాడు. తెల్లవాళ్ళనీ నల్లవాళ్ళనీ బతికుండగా వేరుగా కూర్చోబెట్టిన కాలంలో ఆ పలక మీద ఇద్దరి పేర్లూ కలిసే ఉన్నాయి. ఎవరినో తొక్కడానికి కట్టిన రాయి అలా ఉండదు. పైగా వందేళ్ళలో దాని అర్థానికి ఊరి జ్ఞాపకాలు వచ్చి చేరాయి. ఉదారవాదులని పేరున్న బ్రైయర్, కేగన్ కూడా తీర్పువైపే నిలబడ్డారంటే ఊరికే కాదు.

అక్క: కాలం గడిచింది కాబట్టి ఉండనివ్వాలనడం, ఏళ్ళ తరబడి ఆక్రమణలో ఉన్న స్థలానికి పట్టా రాసివ్వడం లాంటిది. కొత్తగా కడితే తప్పయ్యేది పాతబడితే ఒప్పవుతుందా? అలా అయితే ముందొచ్చిన మతానికి ఎప్పుడూ లాభమే. వెనకొచ్చినవాడికి, ఏ మతమూ లేనివాడికి పాత రాయి ఎక్కణ్ణుంచి వస్తుంది?

తమ్ముడు: అయితే ఏం చెయ్యమంటావు? కింది కోర్టులో వాదనలప్పుడు, శిలువ చేతులు రెండూ కోసేస్తే స్తంభం మిగులుతుంది కదా అన్న ఆలోచన న్యాయస్థానంలోనే వచ్చింది. ఊహించుకో. ఎవరో రంపం తెచ్చి ఆ చేతులు కోస్తారు. మర్నాడు అదే దారిలో వెళ్ళేవాళ్ళకి కనిపించేది స్తంభమా, చేతులు తెగిన శిలువా? మతాన్ని తీసేశామనుకుంటాం. ఆ ఊరివాళ్ళకి మాత్రం నాస్తికులు వచ్చి మా అబ్బాయి సమాధి నరికారనే మిగులుతుంది. నమ్మనివాళ్ళమని చెప్పుకునే మనం ఆ పేరు తెచ్చుకోవాలా?

అక్క: కొయ్యమని నేను చస్తే అనను. గిన్స్‌బర్గ్ కూడా కూల్చమనలేదు. ప్రైవేటు స్థలానికి తరలించవచ్చు, లేదా ఉన్నచోటే స్థలంతో సహా ఎవరికైనా అప్పగించవచ్చు అంది. లీజియన్‌కే రాసిచ్చెయ్యమను.

తమ్ముడు: దారిన పోయేవాడికి తేడా ఏం కనిపిస్తుంది? కాగితం మారుతుందంతే.

అక్క: కాగితమే ముఖ్యంరా. కాగితం మీద అందరిదీ అని ఉన్నంతకాలం అందులో నా పేరూ ఉన్నట్టే. నన్నడక్కుండా నా పేరు రాశారు.

తమ్ముడు: న్యూయార్క్ సంగతి ఏమంటావు? జంట భవనాలు కూలాక రెండో రోజు శిథిలాల్లో ఒక కూలీకి శిలువ ఆకారంలో అతుక్కుని ఉన్న ఉక్కు దూలాలు కనిపించాయి. 17 అడుగులవి. నెలల తరబడి శవాల ముక్కలు ఏరుకుంటూ పనిచేసినవాళ్ళు దాని దగ్గర ఆగి ప్రార్థన చేసుకునేవాళ్ళు. దాన్ని స్మారక మ్యూజియంలో పెడతామంటే అమెరికన్ నాస్తికుల సంఘం 2011లో కోర్టుకెళ్ళింది. 2014లో అప్పీలు కోర్టులోనూ ఓడిపోయింది.

అక్క: దాని మీద నాకు అభ్యంతరం లేదు. మ్యూజియం పని జరిగింది చూపించడం. ఆ దూలాల దగ్గర జనం మోకరిల్లారన్నది జరిగిన సంగతి. ఆ భవనాల ఉక్కులోంచే కోసిన దావీదు నక్షత్రం కూడా ఆ మ్యూజియంలో పెట్టారు. మనవాళ్ళు ఆ కేసు వెయ్యకుండా ఉండాల్సింది. ఆ ఉక్కు చూస్తే మాకు కడుపులో తిప్పుతోందని పిటిషన్‌లో రాసుకున్నారు, అది చదివి సిగ్గుపడ్డాను. నమ్మనివాడు అంత సున్నితంగా ఉంటే ఎలా? దూలాన్ని చూసి కడుపులో తిప్పడం వేరు, నా తరఫున దూలం నిలబెట్టొద్దు అనడం వేరు.

తమ్ముడు: ఇప్పుడు మీ ఊరికొస్తాను. హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 జూన్‌లో తెలంగాణ అమరుల స్మారకం తెరిచారు. నువ్వు వెళ్ళి ఫొటోలు పంపావు. స్టెయిన్‌లెస్ స్టీలుతో కట్టిన పెద్ద ప్రమిద, పైన వెలుగుతున్న వత్తి. కట్టించింది ప్రభుత్వం, డబ్బు జనానిది. శిలువను చూసి నువ్వడిగే ప్రశ్నలన్నీ ఆ ప్రమిదను చూసి అడిగావా?

అక్క: అడగలేదు.

తమ్ముడు: ఎందుకని?

అక్క: ఏడుస్తున్నాను కాబట్టి. చదువుకునే పిల్లలురా, ఉద్యమంలో ఒంటికి నిప్పంటించుకున్నవాళ్ళు. నాకు తెలిసిన ఇళ్ళున్నాయి అందులో. అక్కడ నిలబడితే దీపం కనిపించింది, దీపం మతం ఏమిటన్నది తట్టలేదు. ఇంటికొచ్చాక తట్టింది. నాకు దీపం వట్టి దీపంలా కనిపించిందంటే, నేను దీపం పెట్టే ఇళ్ళ మధ్య పుట్టాను. మెజారిటీ గుర్తు అలాగే ఉంటుంది, అది మనకి గుర్తులా కనిపించదు. మా స్కూల్లో ఉర్దూ చెప్పే టీచరమ్మను అడిగాను, నీకేమనిపించిందని. మా దర్గాలోనూ చిరాగ్ పెడతాం కదా, నాకేం తేడా అనిపించలేదంది. ఆమె నిజంగానే అన్నదా, నేను అడిగాను కాబట్టి నా మనసు నొప్పించకుండా అన్నదా అన్నది ఇప్పటికీ నాకు తెలియదు. తక్కువమంది ఉన్నవాళ్ళని ఎక్కువమంది ఉన్నవాళ్ళం అడిగితే వచ్చే జవాబులో ఆ ఇబ్బంది ఉంటుంది. బ్లాడెన్స్‌బర్గ్‌లో ఎవరైనా నిన్నడిగితే నువ్వేమంటావు? నాకేం ఇబ్బంది లేదండీ అంటావు.

తమ్ముడు: అంటాను. నిజంగానే లేదు కనుక.

అక్క: లేకపోవడానికి కారణం చెప్పనా? ఆ శిలువ నిన్నెప్పుడూ ఏమీ చెయ్యలేదు. చిన్నప్పుడు దాని పేరు చెప్పి నిన్నెవరూ భయపెట్టలేదు, బాప్టిజం వద్దన్నందుకు నిన్నెవరూ వెలివెయ్యలేదు. పరాయి ఊళ్ళో పరాయి దేవుణ్ణి ఓర్చుకోవడం తేలిక. అయిదేళ్ళ కిందట నువ్వు పొలం కాగితాల పని మీద ఒక ప్రభుత్వాఫీసుకు వెళ్ళి గంటలో తిరిగొచ్చావు గుర్తుందా? గోడ మీద దేవుళ్ళ పటాలు, అగరొత్తులు, పూజయ్యేదాకా ఫైలు ముట్టుకోం అన్నారని ఊగిపోయావు. అప్పుడు ఈ ఓర్పు ఏమైంది?

తమ్ముడు: దెబ్బ గట్టిగానే తగిలింది. ఒప్పుకుంటాను. నా ఓర్పుకి వీసా ఉన్నట్టుంది, అక్కడే చెల్లుతుంది. కానీ ఒక్క తేడా చూడు. ఆ ఆఫీసులో ఎవరూ చనిపోలేదు. పటాలు అక్కడ అధికారం తరఫున ఉన్నాయి. స్మారకం దగ్గర గుర్తు దుఃఖం తరఫున ఉంటుంది. దుఃఖంలో ఉన్న మనిషి చేతికి ఏది దొరికితే అది పట్టుకుంటాడు. మన భాషే చూడు. మన కమ్యూనిస్టు పార్టీ వాళ్ళు ఊరూరా కట్టుకున్నవాటిని ఏమంటాం? స్తూపాలు. బుద్ధుడి ధాతువుల మీద కట్టిన దిబ్బ పేరది. చనిపోయినవాళ్ళని ఏమంటాం? అమరులు. చావులేని దేవతల పేరది. చచ్చాక ఏమీ లేదని నమ్మినవాళ్ళు, సాటి మనిషి చచ్చిపోతే అమరుడన్నారు. మతం మాట ఒక్కటీ వాడకుండా ఏడవడం మన నాస్తికులకే చేతకాలేదు. ఆ తల్లులకి ఎలా చేతనవుతుంది?

అక్క: మాట అరువు తెచ్చుకోవచ్చు. మాట అరిగిపోతుంది, అర్థం జారిపోతుంది. స్తూపం అంటే ఇప్పుడు ఎవరికీ బుద్ధుడు గుర్తురాడు. శిలువ అలా అరిగిపోలేదు, ప్రతి ఆదివారం దాని ముందు కొత్తగా మోకరిల్లుతున్నారు. అయినా చేతకాదని ఎందుకంటావు? ఇండియా గేట్ కింద 1972లో పెట్టిన అమర్ జవాన్ గుర్తుందా? తలకిందులుగా నిలబెట్టిన తుపాకీ, దాని మీద ఇనుప టోపీ. ఎవరి దేవుడూ లేడు. దాన్ని చూసి కన్నీళ్ళు రానివాళ్ళెవరు? ఇండియా గేట్ గీసిన లుట్యెన్స్ లండన్‌లో సెనోటాఫ్ కట్టినప్పుడూ దాని మీద మత చిహ్నం లేదు. సామ్రాజ్యం కోసం చచ్చినవాళ్ళలో హిందువులు, ముసల్మానులు, సిక్కులు ఉన్నారు. అందరూ వచ్చి తల వంచగలిగేది కట్టాలంటే ఏ తల దగ్గరా తేడా రాకూడదు. వలస పాలకులకే తోచిన ఇంగితం ఇది.

తమ్ముడు: ఆ లుట్యెన్స్ సంగతే పూర్తిగా చెప్పు. యుద్ధ శ్మశానాలన్నిటికీ శిలువ వద్దు, ఏ మతానికీ చెందని పెద్ద రాతి దిమ్మె చాలన్నాడు. శిలువ కావాలని పట్టుబట్టినవాళ్ళు ఊరుకోలేదు. చివరికి రెండూ పెట్టారు, ఆయన రాయీ, బ్లూమ్‌ఫీల్డ్ గీసిన శిలువా. ఆ రాతి మీద చెక్కడానికి వాక్యం వెతికిందెవరు? కిప్లింగ్. కొడుకు 1915లో లూస్ యుద్ధంలో పోయాడు. అంత చెయ్యి తిరిగిన రచయిత, ఆ రాయికి సొంత వాక్యం రాయకుండా ప్రాచీన యూదు జ్ఞానగ్రంథం లోంచి తెచ్చి పెట్టాడు. ఏ మతమూ లేని రాయికి కూడా చివరికి మతగ్రంథమే మాట ఇచ్చింది.

అక్క: అది కిప్లింగ్ ఇష్టం. నాకు ఒక కొలత ఉంది, చెబుతాను విను. చనిపోయిన మనిషి దేన్ని నమ్మాడో అది రాతి మీద ఉండనీ. రాజ్‌ఘాట్‌లో హే రామ్ అని చెక్కి ఉంది. దాన్ని నేనేనాడూ తప్పుపట్టలేదు, అది గాంధీ మాట. ఆ గాంధీయే నాస్తికుడైన గోరా కూతురు పెళ్ళి సేవాగ్రామ్‌లో తను జరిపిస్తానని ఒప్పుకున్నప్పుడు, దేవుడి పేరు తీసేసి సత్యం పేరు మీద జరిపిద్దామన్నాడు. పెళ్ళి నాటికి ఆయన బతికి లేడు, కానీ మాట అలాగే నిలబెట్టారు. రామనామం లేకుండా ఊపిరి తీసుకోని మనిషి ఎదుటి మనిషి నమ్మకం లేకపోవడానికి చోటిచ్చాడు. ఓర్పు అటునుంచి కూడా రావాలిరా. ఎప్పుడూ మనమే సర్దుకుపోవాలా? ఒక్కడి స్మారకమైతే ఆయన మాట చెక్కండి. 49 మందిదైతే 49 మందినీ అడగలేం కనుక ఏదీ పెట్టకండి.

తమ్ముడు: చనిపోయిన మనిషి నమ్మకమే కొలతా?

అక్క: అదే.

తమ్ముడు: అయితే నాన్నమ్మ సంగతేమిటి?

అక్క: అక్కడికే వస్తావని తెలుసు.

తమ్ముడు: రాక ఎక్కడికి పోతాను? ఊళ్ళో స్తూపం మీద అయిదు పేర్లు. రెండోది తాతది. దేవుడు లేడని ఊరంతా వినేలా చెప్పిన మనిషి. 1949లో కాల్చేశారు. ఊరివాళ్ళు చందాలేసుకుని ఆ రాయి నిలబెట్టారు, పైన సుత్తీ కొడవలీ. ఏటా ఆ రోజున తెల్లవారకముందే నాన్నమ్మ బిందెతో నీళ్ళు తెచ్చి కడిగి, పసుపు పూసి, తాత పేరు మీద కుంకుమ బొట్టు పెట్టేది. ఇరవై రెండేళ్ళకి తన నుదుటి మీంచి తీసేసిన బొట్టు. నీ కొలత ప్రకారం ఆ బొట్టు తప్పు. తాత నమ్మకానికి విరుద్ధం. పైగా ఆ అయిదుగురిలో ఒకాయన దూదేకులాయన. ఆ బొట్టు నీళ్ళలో కరిగి ఆయన పేరు మీదికి కూడా కారేది.

అక్క: ఆయన భార్య కూడా వచ్చేది. రాతి ముందు ఊదు వేసి, కాసేపు నాన్నమ్మ పక్కన కూర్చుని వెళ్ళేది. నువ్వు చిన్నవాడివి, గుర్తుండదు.

తమ్ముడు: మరి?

అక్క: నా కొలత అక్కడ పనిచెయ్యదు. అది నాకు పదహారేళ్ళప్పటి నుంచీ తెలుసు. ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. పదో తరగతి అయిన ఎండాకాలంలో, నాన్న దగ్గరున్న పుస్తకాలన్నీ చదివేసి, తాతకి అవమానం జరుగుతోందని నాకు తోచింది. ఇటుక పొడి, కొబ్బరి పీచు పట్టుకెళ్ళి ఆ బొట్టు తోమాను. మోచేతులు నొప్పెట్టేదాకా. పోలేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా పెట్టిన బొట్టు రాతిలోకి ఇంకిపోయింది. వెనక్కి తిరిగితే నాన్నమ్మ నిలబడి ఉంది. తిట్టలేదు. ‘నేను గుడిలోకి పోతే మీ తాత బయట వేపచెట్టు కింద మీ నాయన్ని ఎత్తుకుని నిలబడేవాడు. లోపలికి రాలేదు, నన్ను పోవద్దనీ అనలేదు’ అంది. అంతే. పీచు నా చేతిలోంచి తీసుకుని వెళ్ళిపోయింది.

తమ్ముడు: ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?

అక్క: నీకిష్టమైన వాదనకి బలం కదా అది. కానీ అది నీ వాదన కూడా కాదు, సరిగ్గా చూడు. తాత బయట నిలబడ్డాడు. గుడి ఖర్చు తను కట్టలేదు, గుడి తన పేరు మీద లేదు. నాన్నమ్మ బొట్టు తన చేత్తో పెట్టింది, ఏటా పెట్టింది. పెట్టే చెయ్యి పోయాక ఆగిపోయింది. దాని అందమంతా అందులో ఉంది. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తూ స్తూపం పీకారు, పంచాయతీ నిధులతో నల్ల గ్రానైటులో కొత్తది కడతామంటున్నారు. సర్పంచి మంచివాడు, నాన్నమ్మ గుర్తుగా మధ్యలో దీపపు గూడు చెక్కిస్తానంటున్నాడు. మన కుటుంబం ఇష్టం అడిగాడు. తాతను కాల్చింది ప్రభుత్వం. అదే ప్రభుత్వం డబ్బుతో ఆయన రాతిలో దేవుడి గూడు చెక్కిస్తే, బయట నిలబడ్డ మనిషిని చచ్చాక లోపలికి లాక్కెళ్ళినట్టు ఉంటుందిరా.

తమ్ముడు: దీపపు గూడు దేవుడి గూడు ఎందుకైంది? హుస్సేన్‌సాగర్‌లో దీపం వట్టి దీపమేనన్నావు.

అక్క: అన్నాను. తర్వాత అనుమానం వచ్చిందనీ అన్నాను.

తమ్ముడు: నాకేమనిపిస్తుందో చెప్పనా? ఆ రాయి దగ్గరికి డెబ్బై ఏళ్ళలో వచ్చి కూర్చున్నది ఇద్దరు ఆడవాళ్ళు. ఉపన్యాసం ఇచ్చి వెళ్ళినవాళ్ళు చాలామంది. కూర్చున్నది వాళ్ళిద్దరే. రాతి మీద అయిదుగురు మగవాళ్ళ పేర్లుంటాయి, వాళ్ళిద్దరి గుర్తు ఒక్కటీ ఉండదు. గూడు వద్దంటే తుడిచేసేది మతాన్ని కాదు, వాళ్ళని.

అక్క: ఆ మాట పడుకోనివ్వదు నన్ను. గూడు దూదేకుల ఆవిడ ఊదుకి కూడా సరిపోతుందని అంటావు, అది కూడా నిజమే. కానీ మిగిలిన ముగ్గురి ఇళ్ళవాళ్ళని ఎవరూ అడగలేదు. అడగమని రాస్తాను. వాళ్ళేమన్నా సరే, నా మాట మాత్రం గూడు వద్దనే. రాతి ముందు అరుగు వెడల్పుగా కట్టమంటాను, ఎవరైనా వచ్చి కూర్చోవాలంటే కూర్చోవచ్చు, ఏం తెచ్చుకున్నా పెట్టుకోవచ్చు.

తమ్ముడు: అరుగు బావుంది. గూడు వద్దన్న వాక్యం కింద నేను సంతకం పెట్టను.

అక్క: పెట్టొద్దు. నా ఉత్తరం నేను రాస్తాను, నీది నువ్వు రాయి. సోమవారం లోగా అందాలి.

తమ్ముడు: పాత రాయి ఏమైంది?

అక్క: కరెంటు స్తంభానికి ఆనించి పెట్టారు. మొన్న వెళ్ళినప్పుడు చూశాను. సుత్తీ కొడవలి రంగు రాలిపోయింది. తాత పేరు మీద మరక ఇంకా ఎర్రగానే ఉంది, పక్క పేరు సగందాకా కారి.

తమ్ముడు: కొత్తది వద్దు, దాన్నే మళ్ళీ నిలబెట్టమని రాస్తాను.

అక్క: అప్పుడు బొట్టుతో సహా నిలబెట్టినట్టే కదా. పంచాయతీ డబ్బుతో.

తమ్ముడు: తుడిచి పెట్టమంటావా?

అక్క: తుడిస్తే పోదురా. నాకు తెలుసు కదా.